హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్కగట్టుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరమని వెతికితే ఒకచోట 14,420 అని కనిపిస్తుంది, ఇంకోచోట 15,660, మరోచోట 8,960. గంటల సంగతైతే ఇంకా గందరగోళం. పదిహేడు అని ఒకరు, ఇరవై రెండున్నర అని ఒకరు, ముప్ఫై దాటుతుందని మరొకరు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు గాలిలో గీసిన గీత పొడవు చెబుతున్నారు, ఒకరు మధ్యలో దోహాలో దిగి వెళ్లే దారి చెబుతున్నారు, ఇంకొకరు మైళ్లలో చెబుతున్నారు. గంటలు చెప్పేవాళ్లలో కొందరు విమానం గాలిలో ఉండే సమయం చెబితే, కొందరు ఎయిర్‌పోర్టులో బెంచీ మీద కూర్చునే సమయం కూడా కలిపేస్తారు.

అందుకే ఎవరో చెప్పిన అంకెని పట్టుకోకుండా మీరే లెక్క వేసుకోండి. పదో తరగతి త్రికోణమితి గుర్తుంటే కాగితం మీదే అయిపోతుంది. గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఒక గ్లోబూ దారమూ ఉన్నా చాలు. శంషాబాద్ నుంచి డాలస్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దారుల్లో అదొకటి. పైగా భూగోళం మీద ఈ రెండు ఊళ్లూ ఉన్న చోట్లు భలే తమాషాగా కుదిరాయి. లెక్క వేస్తుంటే మీకే తెలుస్తుంది. పద్ధతి మాత్రం గన్నవరం నుంచి మెల్‌బోర్న్ అయినా, విశాఖ నుంచి లండన్ అయినా ఇదే.

ముందు ఎయిర్‌పోర్టు ఏదో ఖాయం చేసుకోండి

ఊరి పేరు కొట్టి వదిలేయకండి, ఎయిర్‌పోర్టు కోడ్ కొట్టండి. హైదరాబాద్ అని కొడితే కొన్ని సైట్లు పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్‌ని కూడా చూపిస్తాయి. దాని కోడ్ హెచ్‌డీడీ. మనది హెచ్‌వైడీ. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక బేగంపేటకి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి కాబట్టి ఆ పేరు ఎక్కడైనా కనిపించినా పట్టించుకోనక్కర్లేదు. డాలస్‌లో కూడా రెండున్నాయి. విదేశాల నుంచి వచ్చే విమానాలు దిగేది డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో, కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. ఊరికి దగ్గరగా ఉండే లవ్ ఫీల్డ్ వేరు, దాని కోడ్ డీఏఎల్.

తర్వాత రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు కాసేపు నొక్కిపట్టినా అంకెలు వస్తాయి. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. డాలస్–ఫోర్ట్‌వర్త్ 32.90 ఉత్తరం, 97.04 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాల తేడాకి రెండూ కూడాలి: 175.47 డిగ్రీలు. రెండూ తూర్పే అయితే తీసివేయాలి. కూడిక 180 దాటితే 360 లోంచి తీసేయండి.

ఈ 175 అనే అంకె దగ్గర కాస్త ఆగండి. 180 వస్తే భూమికి సరిగ్గా అవతలి వైపు రేఖ అని అర్థం. అంటే హైదరాబాద్ ఉన్న నిలువు గీతని ఉత్తర ధ్రువం మీదుగా అటువైపు దించితే, అది దాదాపు డాలస్ పక్కనుంచే పోతుంది.

గాలిలో గీత పొడవు

గోడకి వేలాడే ప్రపంచపటం మీద స్కేలు పెట్టి ఈ రెండు ఊళ్లనీ కలిపితే గీత అరేబియా సముద్రం, సౌదీ ఎడారి, సహారా, అట్లాంటిక్ దాటుకుని అమెరికా చేరుతుంది. మెర్కేటర్ అనే రకం పటం మీద ఆ గీత వెంబడే వెళితే దాదాపు 17,690 కిలోమీటర్లు అవుతుంది. కానీ భూమి గుండ్రం. గుండ్రటి దాని మీద రెండు చోట్లని కలిపే అతి దగ్గర దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. భూమిని సరిగ్గా మధ్యకి కోసే వృత్తంలో అదొక ముక్క.

దాన్ని కళ్లతో చూడాలంటే ఇంట్లో పిల్లల గ్లోబు తీసుకోండి. హైదరాబాద్ మీద దారం ఒక కొన వేలితో నొక్కిపట్టి, రెండో కొన డాలస్ దాకా లాగి బిగించండి. దారం తనంతట తానే పడమరకి కాకుండా పైకి జరుగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు అయితే దారం పొడవు 34 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ఆ సైజు గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు 424 కిలోమీటర్లు. గుణిస్తే 14,400 పైచిలుకు. కాలిక్యులేటర్ ముట్టుకోకుండానే అసలు జవాబుకి ఇంత దగ్గరగా వచ్చేశారు.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఇలా చేయండి. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెరిచి, డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందు చూసుకోండి. డిగ్రీల్లో ఉండాలి. చాలామందికి లెక్క తప్పేది ఇక్కడే.

మొదట రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. సైన్ 17.24 అంటే 0.2964, సైన్ 32.90 అంటే 0.5432. లబ్ధం 0.1610.

తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లనూ, రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణించండి. 0.9551, 0.8396, మూడోది మైనస్ 0.9969. లబ్ధం మైనస్ 0.7994. కోణం 90 దాటింది కాబట్టి మైనస్ వస్తుంది, కంగారు పడకండి.

రెండూ కూడితే మైనస్ 0.6384. దీనికి విలోమ కొసైన్ నొక్కితే 129.7 డిగ్రీలు వస్తుంది. భూమి మధ్యలో నిలబడి చూస్తే రెండు ఊళ్ల మధ్య ఉన్న కోణం అది. ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,420 కిలోమీటర్లు.

మైళ్లలో కావాలంటే 1.609తో భాగించండి, దాదాపు 8,960. పైలట్లు వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, ఆ లెక్కన దాదాపు 7,790. సైట్లలో కనిపించే అంకెలు ఇలా మూడు రకాలుగా ఉండటానికి సగం కారణం ఇదే. మీ అంకెకీ సైట్ చూపించే అంకెకీ పది, ఇరవై కిలోమీటర్ల తేడా ఉంటే మళ్లీ లెక్క వేయనక్కర్లేదు. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, కొన్ని సైట్లు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి, మనం తీసుకోలేదు.

ఇంత లెక్క ఎందుకు అనుకునేవాళ్లకి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్ ఉంది. రెండు కోడ్‌లు మధ్యలో చిన్న గీత పెట్టి కొడితే దూరమూ దారీ రెండూ చూపిస్తుంది. గూగుల్ ఎర్త్‌లో స్కేలు బొమ్మ నొక్కినా అదే పని జరుగుతుంది. అయినా ఒక్కసారి చేత్తో వేసి చూడమనే అంటాను, తర్వాత ఏ సైట్ తప్పు చూపించినా మీకు ఇట్టే తెలిసిపోతుంది.

ఈ గీత ఏ ఊళ్ల మీదుగా పోతుందో చూడండి. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి, దిల్లీ పక్కనుంచి, లద్దాఖ్ కొండల మీదుగా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్ దాటి, రష్యాలో ఓమ్‌స్క్ దగ్గరగా, ఆర్కిటిక్ సముద్రం మీదికి. ఉత్తర ధ్రువానికి 525 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కెనడా మీదుగా కిందికి దిగి డాలస్. అమెరికా పడమర దిక్కున ఉందని చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. శంషాబాద్ నుంచి చూస్తే డాలస్‌కి దగ్గర దారి ఉత్తరం దిక్కున ఉంది.

విమానం ఆ గీత మీద ఎందుకు పోదు

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్లే విమానం ప్రస్తుతం లేదు. దూరం ఎక్కువై కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే విమానం 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఆగకుండా పోతుంది, దాదాపు పందొమ్మిది గంటలు. హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది, అది 13,280 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది. ఇలాంటి దారి నడవాలంటే అంత దూరం పోయే విమానం ఉండాలి, వారమంతా సీట్లు నిండాలి, కింద ఉన్న దేశాలన్నీ తమ ఆకాశంలోకి రానివ్వాలి.

మూడోదే ఈమధ్య అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్, కెనడా విమాన సంస్థలకి మూతపడింది. మన ఎయిర్ ఇండియాకి, గల్ఫ్ సంస్థలకి ఆ నిషేధం వర్తించలేదు. కానీ 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని భారత విమానాలకి మూసేసింది. దాంతో దిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనూ కోపెన్‌హేగెన్‌లోనూ దిగాయి. అవే రెండు ఊళ్లు, అదే విమానం, అయినా గంటలు పెరిగిపోయాయి. కాబట్టి దూరాన్ని బట్టి సమయం చెప్పే ముందు, ఎక్కేది ఏ దేశపు విమానమో కూడా అడగాలి.

ఇవి కాక హిమాలయాలు, కారకోరం ఉన్నాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం వెంటనే పదివేల అడుగుల దగ్గరికి దిగాలి. కింద ఇరవై వేల అడుగుల పైన కొండలుంటే అది కుదరదు. అందుకే అక్కడ ముందే తప్పించుకునే దారులు చూసుకుని గానీ పోరు. ధ్రువం దగ్గర చలి ఇంకో సమస్య. జెట్ ఏ–1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ట్యాంకులో చలి మరీ ఎక్కువైతే పైలట్లు విమానాన్ని కిందికి దించడమో, వేగం పెంచడమో చేస్తారు.

ఇవన్నీ కలిపి, గీత పొడవుకి నేను మామూలుగా నాలుగు శాతం కలుపుకుంటాను. ఇది శాస్త్రం కాదు, అంచనా. చాలా దారులకి సరిపోతుంది, ధ్రువాల దారులకి కొన్నిసార్లు సరిపోదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగా వచ్చిన ఎయిర్ ఇండియా మొదటి విమానమే చూడండి. ఆ రెండు ఊళ్ల మధ్య గీత 14,000 కిలోమీటర్లే, ఆ రోజు విమానం తిరిగింది మాత్రం దాదాపు 16,000.

మధ్యలో దిగే ఊరితో దూరం ఎంత పెరుగుతుంది

ఇక నిజంగా కొనే టిక్కెట్ సంగతికొద్దాం. ప్రతి ముక్కకీ విడిగా పై లెక్క వేసి కూడండి. దోహా మీదుగా అయితే హైదరాబాద్–దోహా 2,910, దోహా–డాలస్ 12,750, మొత్తం 15,660. దుబాయ్ మీదుగా 2,550, 12,920 కలిపి 15,470. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి 15,380.

లండన్ అంటే చుట్టుదారి అని మనవాళ్లలో చాలామంది అంటారు. అంకెలు చూస్తే ఈ మూడింట్లో తక్కువ దూరం దానిదే. నేరుగా ఉన్న గీతకన్నా పెరిగేది 960 కిలోమీటర్లు, గంటకి కాస్త ఎక్కువ అంతే. దోహా మీదుగా పెరిగేది 1,240. అయితే వీటి మధ్య ఉన్నది ఇరవై నిమిషాల తేడా. దాన్ని చూసి టిక్కెట్ మార్చుకోనక్కర్లేదు, మధ్య ఊళ్లో ఎంతసేపు కూర్చోవాలన్నదే అసలు తేడా తెస్తుంది. పెద్దవాళ్లు ప్రయాణిస్తుంటే ఇంకోటి చూడాలి. లండన్ దారి రెండు సమానమైన ముక్కలుగా విరుగుతుంది, ఒక్కొక్కటి తొమ్మిదీ పది గంటలు. గల్ఫ్ దారిలో ఒక చిన్న ముక్క, ఆ తర్వాత పదహారు గంటల పెద్ద ముక్క. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని ఒకే సీట్లో పదహారు గంటలు కూర్చోబెట్టడం కన్నా మధ్యలో సరిగ్గా విరిగే దారి నయమని నా అభిప్రాయం. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నిబంధనలు మాత్రం టిక్కెట్‌కి ముందే చూసుకోండి.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్ద విమానాలు ముప్ఫై అయిదు వేల అడుగుల పైన గాలితో పోలిస్తే గంటకి దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. హైదరాబాద్–దిల్లీ మధ్య తిరిగే ఏ320 రకాలు 820–830. ఈ వేగం గాలితో పోలిస్తే వచ్చేది, నేలతో పోలిస్తే కాదు. ఆ ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి గంటకి వంద, రెండొందల కిలోమీటర్ల వేగంతో వీస్తుంటుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. గోదావరిలో వాలుకి పోయే పడవకీ ఎదురు పోయే పడవకీ ఉన్న తేడానే ఇక్కడా. దారంతా ఆ గాలి ఉండదు కాబట్టి సగటున అంత దెబ్బ తగలదు.

నేను వాడే అంకెలు ఇవి: అమెరికా వెళ్లేటప్పుడు గంటకి 850, వచ్చేటప్పుడు 945. దానికి అరగంట కలపండి. పైకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉంటుంది, రన్‌వే దాకా నేల మీద పాకాలి, అందుకు.

దోహా–డాలస్ తీసుకోండి. 12,750కి నాలుగు శాతం కలిపితే 13,260. 850తో భాగిస్తే 15 గంటల 36 నిమిషాలు, అరగంట కలిపితే 16 గంటల 6 నిమిషాలు. టిక్కెట్ల మీద కనిపించేది కూడా పదహారు గంటల అటూ ఇటూనే. తిరుగు ప్రయాణానికి 945తో భాగించండి: 14 గంటల 2 నిమిషాలు, అరగంట కలిపితే పద్నాలుగున్నర. ఒకే దారిలో పోను, రాను మధ్య గంటన్నర తేడా గాలి వల్లే.

చిన్న దారికి కూడా సరిచూడండి. హైదరాబాద్–దిల్లీ 1,260 కిలోమీటర్లు, నాలుగు శాతంతో 1,310. 820తో భాగిస్తే గంటా 36 నిమిషాలు, అరగంట కలిపితే రెండు గంటల 6 నిమిషాలు. విమాన సంస్థలు రెండుంబావు దగ్గర వేసుకుంటాయి. ఆ మిగిలిన నిమిషాలు ఆలస్యమైనా సమయానికే వచ్చామని చెప్పుకోడానికి పనికొస్తాయి. టిక్కెట్ మీద రాసేది గేటు దగ్గర కదిలినప్పటి నుంచి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. మాన్‌హాటన్ దీవికన్నా పెద్దదైన డాలస్–ఫోర్ట్‌వర్త్ లాంటి ఎయిర్‌పోర్టులో చక్రాలు నేలని తాకాక కూడా గేటు చేరడానికి పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు.

భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా, గాలిలో అలా ఆగితే డాలసే మన కిందికి రాదా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, కొందరు పెద్దలు కూడా. రాదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలీ, ఆ గాలిలో ఉన్న విమానమూ అన్నీ కలిసే తిరుగుతున్నాయి.

టిక్కెట్ మీద గడియారాలని నమ్మకండి

ఇంట్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది దూరం దగ్గర కాదు, ఇక్కడ. టిక్కెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. డాలస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. మన గడియారం ఎప్పుడూ కదలదు. దోహా కూడా అంతే, ఏడాది పొడుగునా మనకన్నా రెండున్నర గంటలు వెనక.

లెక్కకి ఒకే సూత్రం: అన్నీ మన గడియారంలోకి మార్చి, ఆ తర్వాతే తీసివేయండి.

ఊహించిన టిక్కెట్ ఒకటి చూద్దాం. జూలై 10 తెల్లవారుజామున 4:00కి శంషాబాద్‌లో బయల్దేరి అక్కడి సమయం 5:50కి దోహా. మళ్లీ 8:00కి దోహాలో ఎక్కి అదే రోజు సాయంత్రం 4:00కి డాలస్. పన్నెండు గంటల ప్రయాణం అనిపిస్తుంది. డాలస్ సాయంత్రం 4:00కి పదిన్నర కలిపితే మన గడియారంలో జూలై 11 తెల్లవారుజాము 2:30. అంటే ఇంటి నుంచి లెక్కేస్తే 22 గంటల 30 నిమిషాలు. ముక్కలుగా చూసినా 4:20, దోహాలో 2:10, ఆపైన 16:00. కూడితే అదే వస్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో సమయం తప్పు మార్చారన్నమాట.

తిరుగు ప్రయాణం ఇంకా తికమక. జూలై 20 సాయంత్రం 6:00కి డాలస్‌లో ఎక్కారు. 14 గంటల 30 నిమిషాల తర్వాత దోహాలో 21వ తేదీ సాయంత్రం 4:30. రాత్రి 8:00కి అక్కడ ఎక్కితే నాలుగు గంటల్లో హైదరాబాద్, మన గడియారంలో 22వ తేదీ తెల్లవారుజాము 2:30. చూడటానికి రెండు రోజులు, నిజంగా 22 గంటలే. టిక్కెట్ మీద చేరే సమయం పక్కన ప్లస్ 2 అని చిన్న అంకె ఉంటే దాని అర్థం ఇదే. ఆ చిన్న అంకె చూడకుండా తేదీ చెప్పేస్తే చిక్కు.

ఇక్కడ వరంగల్ నుంచో గుంటూరు నుంచో కారు మాట్లాడుకునేవాళ్లకి ఒక మాట. 22వ తేదీ 2:30 అని డ్రైవర్‌కి చెబితే, కొందరు 22 పగలంతా ఊళ్లో ఉండి ఆ రాత్రి బయల్దేరతారు, అప్పటికి పిల్లలు ఇంటికొచ్చి ఒక నిద్ర కూడా తీసి ఉంటారు. తేదీ చెప్పకండి. "మంగళవారం రాత్రి అన్నం తిని బయల్దేరాలి, తెల్లారితే బుధవారం" అని వారం పేరుతో చెప్పండి. అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి.

మందుల విషయంలోనూ గడియారం కన్నా గంటలే ముఖ్యం. షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు మీరు లెక్కగట్టిన మొత్తం గంటలూ, మధ్యలో భోజనాలు ఎప్పుడు పడతాయో కాగితం మీద రాసి ప్రయాణానికి ముందే డాక్టర్‌కి చూపించండి. ఎప్పుడు ఎంత తీసుకోవాలో ఆయనే చెప్పాలి.

నిన్న ఎన్ని గంటలు పట్టిందో చూడండి

అంచనా అంచనానే. టిక్కెట్ కొనే ముందు విమానం నంబర్ తీసుకుని ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్‌లో కొట్టండి. గడిచిన కొద్ది రోజులు అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఏ దారిన పోయింది అన్నీ కనిపిస్తాయి. ఒక్క రోజు చూసి తేల్చకండి, వారం మొత్తం చూడండి. లెక్క పదహారు వచ్చినచోట రోజూ పదిహేడు కనిపిస్తుంటే దారి మధ్యలో ఏదో ఆకాశం మూతపడిందని అనుకోవచ్చు. చలికాలానికి కొంటూ వేసవి రికార్డు చూస్తే కూడా కుదరదు. విమాన సంస్థలు మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం తమ పట్టికలు మార్చుకుంటాయి, విమానం నంబర్ అదే ఉన్నా సమయాలు మారిపోతాయి.

మధ్య ఊళ్లో విమానం మారే వ్యవధి తక్కువగా ఉంటే ఈ రికార్డే మీకు దిక్కు. దోహాలో 2:10 దొరుకుతుందని టిక్కెట్ చెబుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లే విమానం వారంలో మూడు రోజులు నలభై నిమిషాలు ఆలస్యంగా దిగుతుంటే మీకు మిగిలేది గంటన్నరే. రెండు ముక్కలూ ఒకే టిక్కెట్ మీద ఉంటే తప్పిపోయిన విమానం బాధ్యత సంస్థది. విడివిడిగా కొనుక్కుంటే మొత్తం మీ నెత్తిన పడుతుంది. విడిగా కొంటే కనీసం అయిదారు గంటలు వదలండి, ఆదా అయ్యే డబ్బు అంతసేపు కూర్చోడానికి తగ్గట్టు లేకపోతే అసలు కొనకండి.

ప్రయాణం రోజున ఇంట్లోవాళ్లకి పీఎన్‌ఆర్ పంపితే సరిపోదు, రెండు విమానాల నంబర్లూ పంపండి. విమానం ఇంకా ఎక్కడుందో మ్యాప్ మీద చూస్తూ కూర్చుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. సముద్రం మీదా ధ్రువాల దగ్గరా విమానం బొమ్మ కాసేపు కనిపించకపోవచ్చు, లేదా కదలకుండా ఆగినట్టు ఉండొచ్చు. కింద సిగ్నల్ అందుకునే స్టేషన్ లేకపోవడం వల్ల అలా అవుతుంది.

తీసుకురావడానికి వెళ్లేవాళ్లు దిగే సమయానికి గంట నుంచి గంటన్నర కలుపుకుని, ఆ వేళకి ఎయిర్‌పోర్టు చేరేలా ఇంట్లో కదలండి. ఇమిగ్రేషన్ క్యూ, పెట్టెలు, కస్టమ్స్ అయ్యేసరికి అంత పడుతుంది. శంషాబాద్‌లో తెల్లవారుజామున గల్ఫ్ విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగే వేళ ఇంకాస్త ఎక్కువే అనుకోండి.